బొగ్గు గని విస్తరణ: ఆరోగ్య నష్టాన్ని రూపాయల్లో ఎట్లా లెక్కగట్టాలె? (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

వార్ధా_ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రాజురా–బల్లార్‌పూర్ వైపు ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని విస్తరణకు ప్రజా విచారణ నోటీసు పడింది. నోటీసుకూ విచారణకూ మధ్య కనీసం 30 రోజులుండాలె, ఉన్నది గూడ అంతే. ముసాయిదా ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు మా దగ్గరుంది. విచారణల లేచి "దుమ్ము ఎక్కువైతది, పిల్లలకు దగ్గు, దమ్ము వస్తది" అంటే ఒక్క లైను రాసుకొని వదిలేస్తరు. గనితోని వచ్చే ఆదాయం, ఉద్యోగాలు మాత్రం రిపోర్టుల కోట్ల లెక్కన అచ్చయి ఉన్నయి. అందుకే ఆరోగ్య నష్టాన్ని గూడ అంకెల్లనే రాసి ఇయ్యాలని అనుకుంటున్నం.

అడగాల్సినవి ఇవి. ఈ విస్తరణ వల్ల అదనంగా ఎంతమంది ఆరోగ్యం దెబ్బతింటదో చెప్పే పద్ధతి ఏది? దాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు ఏ విలువ పెట్టాలె? ఒక్కో రిపోర్టు ఒక్కో తీరుగ చెప్తున్నది. 300–400 ఇండ్లల్ల సర్వే చేస్తే పనికొస్తదా? మాలో ఒకరు నాగ్‌పూర్ల ఎంఏ అర్థశాస్త్రం చదువుతున్నరు. చంద్రపూర్ నగరపాలిక రోజువారీ మరణాలు, కాలుష్య బోర్డు పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న ధూళి కణాలు) రీడింగులు తీసుకొని రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతదో చూసే గణాంక లెక్క) చేద్దామంటున్నరు. అది నిలబడుతదా? ఇక్కడ గనులు, థర్మల్ కేంద్రం, సిమెంటు, పేపరు మిల్లు అన్నీ ఒక్క దగ్గరనే ఉన్నయి. ఎవరి పొగ ఎంతో విడదీయడం ఎట్లా?


లెక్కపత్రం

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావాల్సింది చంద్రపూర్ మొత్తం కాలుష్యపు భారమా, ఈ విస్తరణ ఒక్కటి కొత్తగా మోపే భారమా? విచారణలో నిలబడేది రెండోదే. మొదటిది పెడితే "అది థర్మల్ కేంద్రం పొగ, మా గనిది కాదు" అని ఒక్క మాటతో తోసేస్తారు.

విస్తరణ వాటాను మీరు కొత్తగా కొలవక్కర్లేదు, వాళ్ల రిపోర్టులోనే ఉంటుంది. గాలి నాణ్యత అధ్యాయంలో ఊరూరికీ ఇప్పుడున్న స్థాయి, గని వల్ల పెరిగే స్థాయి, రెండూ కలిపిన మొత్తం ఒక పట్టికలో ఇస్తారు. ఆ మధ్య వరుసే మీ ముడిసరుకు. వాళ్లు ఒప్పుకున్న అంకెతోనే లెక్క మొదలైతే దాన్ని కాదనడం కష్టం.

అయితే ఆ పట్టికను అట్లాగే వాడొద్దు. సాధారణంగా అందులో వేసేది 24 గంటల గరిష్ఠ పెరుగుదల. దీర్ఘకాలిక మరణాల గుణకాలు వార్షిక సగటుకు కట్టినవి. గరిష్ఠాన్ని వార్షికంలా వాడితే మీ అంకె ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఎదుటివాళ్లు మొదట పట్టుకునే తప్పు అదే. వార్షిక సగటు ఫలితాలు అనుబంధంలో ఉన్నాయేమో చూడండి. లేకపోతే వాటిని బయట పెట్టాలని అడగడమే మీ మొదటి రాతపూర్వక అభ్యంతరం కావాలి. మోడల్ నడిపినవాళ్లకు అది ఇంకొక అవుట్‌పుట్ మాత్రమే, కొత్త కొలతలు అక్కర్లేదు.

లెక్క ఇట్లా సాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలకు ఆధారమైన సమీక్షలో, దీర్ఘకాలంలో పీఎం 2.5 ఘనమీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే సహజ కారణాల మరణాల రిలేటివ్ రిస్క్ (ప్రమాదం ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్య) 1.08, పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాలు) అయితే 1.04. బీటా అంటే ఆ సంఖ్య సహజ లాగరిథమ్‌ను 10తో భాగించడం: పీఎం 2.5కు 0.0077, పీఎం 10కు 0.0039. పెరుగుదలను బీటాతో గుణించి, ఎక్సెల్‌లో ఈఎక్స్‌పీ ఫంక్షన్‌లో పెడితే మీ రిలేటివ్ రిస్క్ వస్తుంది. ఒకటిలోంచి దాని విలోమాన్ని తీసేస్తే కాలుష్యానికి చెందే వాటా.

ఉదాహరణకు ప్రభావిత ఊళ్ల జనాభా 12,000 అనుకుందాం. మరణాలు ఏటా వెయ్యికి 6.5 అయితే 78. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి తీసేయగా 70. పీఎం 10 వార్షిక సగటు 6 మైక్రోగ్రాములు పెరుగుతుందనుకుంటే రిలేటివ్ రిస్క్ 1.0238, వాటా 0.0233. అంటే ఏడాదికి 1.6 మరణాలు. 25 ఏళ్ల గనికి 40 దాకా. చూడటానికి చిన్నగా ఉందని వెనక్కి తగ్గొద్దు. 12,000 మందిలో 40 ప్రాణాలు అంటే చిన్న సంగతి కాదు, పైగా వాళ్ల రిపోర్టు అంకెలతో వేస్తే దాని వెనుక ఊహాగానం ఉండదు. ఈ జనాభా, పెరుగుదల అంకెలు నేను చూపించడానికి వేసినవి, మీ రిపోర్టులోవి పెట్టుకోండి.

పీఎం 10 మరణాలు, పీఎం 2.5 మరణాలు విడివిడిగా లెక్కేసి కూడొద్దు. పీఎం 2.5 పీఎం 10లో భాగమే. గని రోడ్ల దుమ్ములో ముతక కణాలు ఎక్కువ కాబట్టి, ఢిల్లీ లాంటి చోట కట్టిన నిష్పత్తితో పీఎం 10ని పీఎం 2.5గా మార్చడం కూడా తప్పే.

ఇంకొకటి, వాళ్ల పెరుగుదల అంకె ఎంత నమ్మదగినదో. టిప్పర్లు తిరిగే రోడ్ల మీద నీళ్లు చల్లితే దుమ్ము ఎంత శాతం అణుగుతుందని అనుకున్నారో వెతకండి. 80 శాతం అణిగితే మిగిలేది 20, 60 శాతమే అణిగితే మిగిలేది 40. నియంత్రణ శాతంలో చిన్న తేడాలా కనిపించినా దుమ్ము రెండింతలు. ఏప్రిల్–మే ఎండల్లో చల్లిన నీరు ఎంతసేపు నిలుస్తుందో మీ అందరికీ తెలుసు. రెండు అంకెలతోనూ లెక్క చూపించండి. బేస్‌లైన్ కొలతలు వానాకాలం కాకుండా ఒక్క సీజన్‌లో తీస్తే చాలు, కాబట్టి ఏ నెలల్లో తీశారో కూడా రాయండి. వానలు ఆగీ ఆగగానే తీసిన అంకెలు ఏడాది మొత్తానికి ప్రతినిధి కావు.

నగరపు మొత్తం భారాన్ని నేపథ్యంగా ఒక పేరాలో ఇవ్వొచ్చు. అక్కడ పోలిక స్థాయి ఏదో తప్పక చెప్పాలి. పీఎం 2.5 ఇప్పుడు 45 అనుకొని, 1,870 సహజ మరణాల మీద లెక్కేస్తే, దేశ ప్రమాణం 40తో పోలిస్తే ఏటా 71 మరణాలు వస్తాయి. ఆరోగ్య సంస్థ మార్గదర్శకం 5తో పోలిస్తే 496. ఊరు అదే, గాలి అదే, పోల్చిన గీత మారింది, అంతే. పేపర్లలో ఒకదానికొకటి పొసగని అంకెలు కనిపించడానికి సగం కారణం ఇదే. అదీ కాక కాలుష్యం బాగా ఎక్కువైనచోట రిస్క్ వంపు చదునవుతుంది. 100 దాటిన స్థాయిలకు ఈ సరళ సూత్రాన్ని సాగదీయొద్దు.


రూపాయి_పైస

పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. రూపాయల సంగతి నేను రాస్తాను. ఇక్కడ తగాదా అంతా ఒక ప్రాణానికి ఏ విలువ కట్టాలన్నదే.

రెండు దారులున్నాయి. మొదటిది మానవ మూలధన పద్ధతి: మనిషి బతికి ఉంటే సంపాదించేది ఎంతో దాని నేటి విలువ. రెండోది గణాంక ప్రాణ విలువ, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో వీఎస్ఎల్ అంటారు. చావు ప్రమాదాన్ని కొంచెం తగ్గించుకోవడానికి జనం ఎంత వదులుకోవడానికి సిద్ధమన్నదాని నుంచి రాబడతారు. దీని అర్థం ఫలానా మనిషి ఖరీదు ఇంత అని కాదు. ఒక్కొక్కరు లక్షలో 10 వంతుల ప్రమాదం తగ్గడానికి ఏటా 500 రూపాయలు పెట్టడానికి ఒప్పుకుంటే, లక్ష మందికి అది 5 కోట్లు, దక్కేది 10 ప్రాణాలు, అంటే ఒక్కోటి 50 లక్షలు. అంతే దాని లోపలి లెక్క.

ఈ రెంటి మధ్య దూరం ఎంతో చూడండి. 2019కి భారత్ మీద లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన అంచనాలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మరణాలు, నష్టం 36.8 బిలియన్ డాలర్లు, జీడీపీలో 1.36 శాతం. అది కోల్పోయిన ఉత్పత్తి లెక్క. ప్రపంచ బ్యాంకు 2016 నివేదికలో 2013 సంవత్సరానికి సంక్షేమ నష్టం పద్ధతిలో భారత్ నష్టం జీడీపీలో 7.7 శాతం దాకా, అదే నివేదికలో శ్రమ ఆదాయ పద్ధతిలో ఒక శాతానికి లోపే. మీరు చూసిన రిపోర్టులు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండటానికి మూలం ఇదే. ఒకటి అబద్ధం, ఇంకొకటి నిజం అని కాదు, కొలిచే వస్తువులే వేరు.

మానవ మూలధన పద్ధతికి ఒక ఘోరమైన లోపముంది. ఏడాదికి 1,80,000 సంపాదించే 50 ఏళ్ల మనిషికి ఇంకా 15 ఏళ్ల పని ఉందనుకొని 3 శాతం డిస్కౌంటుతో (ముందు ముందు వచ్చే డబ్బు విలువను ఏటా అంత తగ్గించి) లెక్కేస్తే 21.5 లక్షలు వస్తుంది. 70 ఏళ్ల ముసలమ్మకు సున్నా. ఇంటి చాకిరీ అంతా చేసే గృహిణికీ, కూలి లెక్క వేయకపోతే, సున్నా. గాలి కాలుష్యంతో చనిపోయేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. అంటే దెబ్బ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే ఈ పద్ధతి కళ్లు మూసుకుంటుంది. వాడితే ఇంటిపనికి కనీసం వ్యవసాయ కూలి రేటు వేయండి, వేసినట్టు రాయండి.

వీఎస్ఎల్‌ను ధనిక దేశాల నుంచి తెచ్చుకుంటే ఆదాయ నిష్పత్తికి ఘాతం వేసి దించాలి. ప్రపంచ బ్యాంకు మన వంటి దేశాలకు 1.2 వాడింది, హద్దులు 1.0 నుంచి 1.4. మన తలసరి ఆదాయం ఆ దేశాల్లో ఆరో వంతు అనుకుంటే, ఘాతం 1.0 అయితే విలువ 16.7 శాతానికి దిగుతుంది, 1.2 అయితే 11.6, 1.4 అయితే 8.1. ఘాతం ఒక్కటి మారిస్తే ప్రాణం విలువ సగమవుతుంది. కాబట్టి ఒకే అంకె ఇచ్చి నమ్మమంటే కుదరదు, మూడూ పట్టికలో పెట్టండి. ఆదాయం మాత్రం దేశ సగటే వాడండి. జిల్లా సగటు వాడితే చంద్రపూర్ మనిషి ప్రాణం పుణె మనిషి ప్రాణం కన్నా చవక అని మీరే రాసిచ్చినట్టవుతుంది.

ఇక కూడకూడనివి. వీఎస్ఎల్‌లో మనిషి ఆదాయం, జీవితం మీద మమకారం రెండూ కలిసే ఉంటాయి, దానిమీద మళ్లీ పోయిన కూలి కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు. జబ్బు ఖర్చు వేరు, అది బతికున్నవాళ్లది, కలపొచ్చు.

నా సలహా ఏంటంటే విచారణలో జబ్బు ఖర్చును ముందు పెట్టండి, ప్రాణాల విలువను తర్వాత. ఆసుపత్రి బిల్లు, మందుల చీటీ, పోయిన హాజిరీ (రోజు కూలి) – వీటిని "ఇది మీ సిద్ధాంతం" అని ఎవరూ అనలేరు.


గాలిదిశ

రోజువారీ రిగ్రెషన్ సంగతి. మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేస్తే నెలల శ్రమ మిగులుతుంది.

2011 జనగణనలో చంద్రపూర్ నగర జనాభా 3,20,379. వెయ్యికి 6.5 చొప్పున ఏడాదికి సుమారు 2,080 మరణాలు, రోజుకు ఐదారు. పాయిసాన్ రిగ్రెషన్‌లో (మరణాల వంటి లెక్కింపు సంఖ్యలకు వాడే రిగ్రెషన్) బీటా స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనా అటూఇటూ ఊగే కొలత, సుమారుగా ఒకటిని, మొత్తం మరణాల వర్గమూలం, పీఎం 2.5 ప్రామాణిక విచలనం – ఈ రెంటి లబ్ధంతో భాగించినంత. ఇక్కడ విచలనం అంటే సీజన్, ఉష్ణోగ్రత ప్రభావాలు తీసేశాక మిగిలే ఒడిదుడుకు, 15 మైక్రోగ్రాములు అనుకుందాం. 2024లో అచ్చయిన పది భారత నగరాల అధ్యయనంలో (2008–2019 డేటా, హైదరాబాద్, పుణె కూడా ఉన్నాయి) రెండు రోజుల సగటు పీఎం 2.5 పది మైక్రోగ్రాములు పెరిగితే రోజువారీ మరణాలు 1.4 శాతం పెరిగాయి. అంత ప్రభావాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే స్టాండర్డ్ ఎర్రర్ 0.0005 ఉండాలి, అంటే దాదాపు 17,800 మరణాలు. నగరంలో ఎనిమిదిన్నర ఏళ్ల డేటా. మూడేళ్ల డేటాతో చేస్తే ఏ ఫలితమూ తేలదు. "ప్రభావం లేదు" అని తేలినట్టు ఎదుటివాళ్లు దాన్నే మీ మీద వాడతారు. విచారణకు దీన్ని తేవద్దు.

జిల్లా మొత్తం తీసుకుంటే (2011లో 22,04,307 మంది) ఏడాదిన్నరలోపే అన్ని మరణాలు దొరుకుతాయి. కానీ నగరంలోని స్టేషన్ రీడింగు మూల్, సిందేవాహీ వాళ్లు పీల్చే గాలికి సరిపోదు. కొలత తప్పు పెరిగితే ప్రభావం సున్నా వైపు జారుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది.

ఎంఏ పరిశోధనకైతే ఇంతకన్నా మంచి దారి ఉంది. కాలుష్యం తనంతట తాను మారిన సందర్భాలను వెతకడమే ఈ శాస్త్రంలో అసలు పని. మామూలుగా పొగ ఎక్కువున్నచోట పేదరికం, పొయ్యి పొగ, బీడీ, గని పని అన్నీ కలిసే ఉంటాయి, రెండు ఊళ్లను పోలిస్తే ఏది దేనివల్లో తేలదు. అందుకే అమెరికాలో యూటా లోయ ఉక్కు కర్మాగారం 1986–87లో ఏడాది పాటు మూతపడ్డప్పుడు పిల్లల ఆసుపత్రి చేరికలు ఎంత తగ్గాయో చూశారు. మెక్సికో సిటీలో 1991లో చమురు శుద్ధి కర్మాగారం మూసేశాక చుట్టుపక్కల జనం వారానికి 1.3 గంటలు ఎక్కువ పని చేశారని 2015లో తేల్చారు. చైనాలో హువాయ్ నదికి ఉత్తరాన ఉచితంగా బొగ్గు ఇచ్చి గదులు వెచ్చబెట్టే విధానాన్ని ఆధారం చేసుకొని, పీఎం 10 దీర్ఘకాలంలో 10 మైక్రోగ్రాములు పెరిగితే ఆయుర్దాయం 0.64 ఏళ్లు తగ్గుతుందని 2017లో లెక్కించారు.

మన దగ్గర అట్లాంటి సందర్భం కళ్లముందే ఉంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు: 210వి రెండు యూనిట్లు, 500వి ఐదు. ఏ రోజు ఏ యూనిట్ ఆగింది, ఎందుకు ఆగిందన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ రోజువారీ నివేదికల్లో కారణంతో సహా ఉంటుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఆగితే గాలిలోకి వెళ్లేది ఆ రోజు తగ్గుతుంది.

కానీ ఆగిన రోజులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు, అసలు పట్టు ఇక్కడుంది. ఏటా చేసే ఓవర్‌హాల్‌ను కరెంటు డిమాండ్ తక్కువుండే వానాకాలంలో పెట్టుకుంటారు. అప్పుడు గాలిని శుభ్రం చేసేది వాన, యూనిట్ ఆగడం కాదు. పైగా ఆ నెలల్లో జ్వరాలు వేరే రకం. రిజర్వ్ షట్‌డౌన్ అంటే డిమాండ్ లేక ఆపడం, అది ఎండతో, ఫ్యాక్టరీల నడకతో ముడిపడినది. బొగ్గు కొరత అంటే తరచూ గనుల్లో నీళ్లు నిండటం, అదీ వానే. వీటన్నిటినీ తీసేయండి. మిగిలేది బాయిలర్ ట్యూబ్ లీకేజీలు: వాటర్‌వాల్, ఎకనమైజర్, రీహీటర్ ట్యూబులు పగలడం. అవి ఎప్పుడు పగులుతాయో ఊళ్లో ఎవరి ఆరోగ్యంతోనూ సంబంధం లేదు, రెండు మూడు రోజుల్లో సరి చేస్తారు. ఆ రోజులనే వాడండి.

దాన్ని గాలి దిశతో గుణించండి. ఈఆర్ఏ5 అనే వాతావరణ డేటాలో గంటగంటకూ గాలి దిశ, వేగం, మిశ్రమ పొర (నేల నుంచి పొగ కలిసిపోయే గాలి పొర) ఎత్తు దొరుకుతాయి, గడి పరిమాణం 0.25 డిగ్రీలు. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి. పొగ బల్లార్‌పూర్, రాజురా మీదుగా ఆసిఫాబాద్ వైపు దిగుతుంది. యూనిట్ ఆగిన రోజున గాలి దిగువ ఊళ్లలో మార్పు కనిపించి ఎగువన కనిపించకపోతే వాదన గట్టిపడుతుంది. రెండు చోట్లా ఒకేలా తగ్గితే వాతావరణమో ఇంకేదో లోపలికి వచ్చిందని అనుమానించాలి. ఎముకలు విరిగిన కేసులతో కూడా అదే రిగ్రెషన్ నడపండి. అందులోనూ "ప్రభావం" వస్తే మోడల్‌లో ఎక్కడో లోపముంది.

ఫలితంగా మరణాలు కాకుండా ఊపిరితిత్తుల జబ్బుల ఓపీ కేసులు, నెబ్యులైజర్ వాడకం, పాఠశాల హాజరు తీసుకుంటే సంఖ్యలు ఎక్కువ, పట్టు దొరుకుతుంది. పని ఉత్పాదకత మీద ఆసక్తి ఉంటే కాలిఫోర్నియా పొలం కూలీల మీద 2012లో వచ్చిన పని నమూనాగా చూడండి. ఓజోన్ 10 పీపీబీ (గాలిలో వంద కోట్ల భాగాలకు 10) తగ్గితే ఉత్పాదకత 5.5 శాతం పెరిగింది. ఆసుపత్రి గడప తొక్కని నష్టం అది, మన రిపోర్టుల్లో ఎక్కడా చేరదు.


వార్ధా_ఒడ్డు

చాలా చాలా థాంక్స్ అన్నా, ముగ్గురికీ. 24 గంటల గరిష్ఠం సంగతి నిజమే, మా రిపోర్టుల పట్టిక అదే ఉంది. వార్షిక సగటు ఎక్కడా ఇయ్యలేదు.

ఇంకా రెండు. సర్వే ఎట్లా చేయాలె? ఇక్కడి తెలుగు కుటుంబాలు జబ్బు ముదిరితే చంద్రపూర్‌కు బదులు రైలెక్కి మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ పోతరు. అవి లెక్కల ఎట్లా వస్తయి? రెండోది, చవక సెన్సార్లు ఒక పది కొని ఊళ్లల్ల పెడితే?


ఇంటింటి_లెక్క

సరైన చోట వేలు పెట్టారు. జననమరణాల నమోదు చట్టం 1969 ప్రకారం మరణం జరిగినచోటే నమోదవుతుంది. రాజురా మనిషి హైదరాబాద్‌లో చనిపోతే ఇక్కడి నగరపాలిక లెక్కలో ఉండడు. జబ్బు ఎంత పెద్దదైతే అంత దూరం పోతారు కాబట్టి, స్థానిక ఆసుపత్రి డేటాలో తప్పిపోయేవి ఖరీదైన కేసులే. రెండోవైపు చంద్రపూర్‌లో నమోదైన మరణాల్లో గడ్చిరోలి నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. నమోదు ఫారంలో మామూలు నివాసం గడి ఉంటుంది, డేటా అడిగేటప్పుడు దాన్ని బట్టి వేరుచేసి ఇమ్మనండి. మరణ కారణం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో 22.5 శాతానికే వైద్యుడి ధ్రువీకరణ ఉంది.

ఇంటింటి సర్వే విలువ ఇక్కడే. మూడు వందల ఇండ్లతో "కాలుష్యం వల్ల జబ్బు వచ్చింది" అని రుజువు చేయలేరు, చేయబోవద్దు. కానీ ఒక జబ్బు మనిషికి సగటున ఎంత ఖర్చవుతుందో చెప్పగలరు. ఎన్ని జబ్బులన్నది పైన చెప్పిన రిస్క్ లెక్క నుంచి వస్తుంది, ఒక్కోదానికి ఎంతన్నది మీ సర్వే నుంచి. రెంటినీ గుణించండి.

గుర్తుండే కాలం చూసి అడగాలి. ఆసుపత్రిలో చేరడం గురించి గత 365 రోజులు, డాక్టరు దగ్గరికి పోయి రావడం గురించి గత 15 రోజులు – జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్‌లోనూ ఇవే. 15 రోజుల అంకెను 24తో గుణించి ఏడాది చేసేటప్పుడు జాగ్రత్త: జనవరిలో సర్వే చేసి గుణిస్తే చలికాలపు దగ్గును ఏడాదంతా పరిచినట్టే. వీలైతే సగం ఇండ్లు చలికాలంలో, సగం ఎండాకాలంలో. మీకు 30 రోజులే కాబట్టి గుణించకుండా ఒక్కో విడత జబ్బుకు ఖర్చు అని ఇవ్వండి.

"ఖర్చెంత" అని ఒకే ప్రశ్న వేస్తే ఆసుపత్రి బిల్లు ఒక్కటే చెప్తారు. విడివిడిగా అడగాలి: ఫీజు, పరీక్షలు, ఎక్స్‌రే, ఇన్‌హేలర్, నెబ్యులైజర్ అద్దె, ఆక్సిజన్ సిలిండర్ డిపాజిట్, రైలు–ఆటో, తోడుపోయినవాళ్ల తిండి, బస. రోగి ఎన్ని హాజిరీలు పోగొట్టుకున్నాడు, తోడున్నవాళ్లు ఎన్ని. గని ఉద్యోగికి జీతంతో సెలవు ఉంటుంది, కాంట్రాక్టు కూలికి ఉండదు, కాబట్టి ఉద్యోగం రకం గడి తప్పనిసరి. ఆరోగ్య పథకం కట్టిన మొత్తం కూడా రాయండి. కుటుంబానికి అది ఖర్చు కాదు గానీ సమాజానికి ఖర్చే. అప్పు చేశారా, వడ్డీ ఎంత అన్నది అడగండి, అయితే అప్పు అసలును ఖర్చుకు కలపొద్దు, అది అదే బిల్లు.

జాగ్రత్త ఖర్చులు కూడా నష్టమే: మాస్కులు, కిటికీలకు కట్టే గుడ్డలు, మళ్లీ ఉతికే బట్టలకు సబ్బు, దండెం మీద ఆరేయలేక ఇంట్లో ఆరేసుకోవడం. ఇవి వదిలేస్తే, జాగ్రత్తపడి జబ్బు తెచ్చుకోనివాళ్ల ఇంట్లో నష్టం సున్నా అని వస్తుంది.

అలవాట్ల గడిలో బీడీ, సిగరెట్ వేరుగా, ఖర్రా (నమిలే పొగాకు, వక్క మిశ్రమం) వేరుగా పెట్టండి. ఈ జిల్లాలో ఖర్రా నమలని ఇల్లు తక్కువ. దాన్ని "పొగాకు: అవును" అని పొగతాగేవాళ్లతో కలిపేస్తే ఊరంతా పొగరాయుళ్లలా కనిపిస్తుంది, దగ్గంతా పొగాకు మీదికి పోతుంది. వంట గ్యాసా, కట్టెల పొయ్యా, బొగ్గు కుంపటా అన్నదీ అడగాలి. గ్యాసుందా అని కాదు, నిన్న దేనిమీద వండారని. గని లోపల పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల జబ్బును వేరే పట్టికలో చూపండి. అది వృత్తి జబ్బు, దాని పరిహారం దారి వేరు. ఊరి గాలి లెక్కలో కలిపితే రెండూ బలహీనపడతాయి.

సెన్సార్ల గురించి. రెండు మూడు వేల మాడ్యూల్ ఉన్న చవక పరికరాలు లేజరు వెలుగు చెదరడాన్ని బట్టి కణాలు లెక్కిస్తాయి. సన్న కణాల దగ్గర ఫరవాలేదు. ముతక దుమ్మును దాదాపు చూడవు, తెర మీద చూపే పీఎం 10 సన్న కణాల నుంచి ఊహించినదే. బొగ్గు టిప్పర్ల రోడ్డు పక్కన, రైల్వే సైడింగ్ దగ్గర మీరు కొలవాల్సింది సరిగ్గా ఆ ముతక దుమ్మునే. మీ పరికరం గాలి బాగుందని చెప్పి ఎదుటివాళ్లకు సాయం చేస్తుంది. వానాకాలంలో తేమ 80 శాతం దాటితే కణాలు ఉబ్బి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. పెట్టాలనుకుంటే పదీ తీసుకెళ్లి బోర్డు స్టేషన్ పక్కన రెండు వారాలు ఉంచి, ఒక్కోదానికి దిద్దుబాటు సమీకరణం కట్టుకోండి, పీఎం 2.5 మాత్రమే వాడండి. విచారణ లోపల ఇది తెమిలే పని కాదు.

బోర్డు స్టేషన్ డేటా వాడినా కడగాలి. గంటల తరబడి ఒకే అంకె కదలకుండా ఉంటే పరికరం ఇరుక్కుంది, తీసేయండి. పీఎం 2.5 పీఎం 10 కన్నా ఎక్కువుంటే తీసేయండి. రోజుకు 16 గంటల కన్నా తక్కువ రీడింగులుంటే ఆ రోజు సగటు కట్టొద్దు. ఖాళీలు ఏ నెలల్లో ఉన్నాయో చూడండి. చలికాలంలో ఎక్కువ ఖాళీలుంటే వార్షిక సగటు దానంతటదే తగ్గిపోతుంది.


లెక్కపత్రం

సమర్పించే తీరు గురించి కొంచెం. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద విచారణకు రాకుండా రాతపూర్వకంగా కూడా అభ్యంతరాలు ఇవ్వొచ్చు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి. రసీదు తీసుకోండి. విచారణలో ఒకరు రెండు నిమిషాల్లో మూడే చదవాలి: అదనపు పెరుగుదల ఎంత, ఏటా ఎన్ని ప్రాణాలు, జబ్బు ఖర్చు ఎన్ని రూపాయలు. మరాఠీలో చదవండి, కార్యక్రమం వీడియో తీస్తారు, చివర్లో చర్చాంశాల సారాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అప్పుడు మీ మూడు అంకెలు అందులో ఉన్నాయా అని వినండి, లేకపోతే అక్కడే లేచి చేర్చమనండి. లేవనెత్తిన అంశాలకు తుది ఈఐఏలో జవాబివ్వడం ప్రాజెక్టువాళ్ల బాధ్యత.

వార్షిక సగటు ఇవ్వలేదన్నారు కాబట్టి మీ లెక్కను రెండు భాగాలుగా రాయండి. ఒకటి అభ్యర్థన: ప్రతి ఊరికీ వార్షిక సగటు పెరుగుదల, నీళ్లు చల్లడం మీద పెట్టుకున్న శాతం, మోడల్‌లో వాడిన వాతావరణ డేటా సంవత్సరం బయట పెట్టాలి. రెండోది పట్టిక: వార్షిక పెరుగుదల 2 అయితే, 4 అయితే, 6 అయితే ఎన్ని మరణాలు, ఎంత ఖర్చు. ఏ వరుస నిజమో చెప్పాల్సిన పని వాళ్లది. ఎక్సెల్ ఫైలు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో జతచేయండి, సూత్రాలు తెరిచి కనిపించేలా, అంకెలు అతికించినట్టు కాకుండా. ఊళ్ల జనాభా పక్కన అది 2011 జనగణనదని రాయండి, పెంచి వేస్తే ఏ రేటున పెంచారో కూడా.

రూపాయి_పైస గారి మాట మీద ఒక్క సవరణ. జబ్బు ఖర్చు ముందు పెట్టండి, సరే. కానీ ప్రాణాల సంఖ్యను రూపాయల్లో కరిగించి వదలొద్దు. సంఖ్యగా ఒక వరుస, విలువగా ఒక వరుస, రెండూ ఉండాలి. విలువ మీద ఎంతైనా వాదించుకోవచ్చు, సంఖ్య మీద వాదించాలంటే వాళ్లు తమ రిపోర్టునే తప్పనాలి.